మనవాడే, నా పేరు చెప్పండి

"మనవాడే. నా పేరు చెప్పండి."

తెలుగునాట ఇల్లు కట్టుకునేవాడికైనా, గోడకు మేకు కొట్టించుకునేవాడికైనా, పెళ్లికి వంటవాళ్లను మాట్లాడుకునేవాడికైనా మొట్టమొదట అందే పూచీకత్తు ఇదే. దీనికి స్టాంపు పేపరు అక్కర్లేదు, సాక్షి సంతకం అక్కర్లేదు, గడువు లేదు. ఇచ్చేవాడికి రూపాయి ఖర్చు లేదు. పుచ్చుకున్నవాడికి ఎంతవుతుందో గోడ నెమ్మెక్కాక తెలుస్తుంది.

ఈ రెండు ముక్కల మీద నేను పాతికేళ్లుగా పరిశోధన చేస్తున్నాను. పరిశోధనకు నిధులన్నీ నా జీతంలోంచే పోయాయి కాబట్టి ఫలితాలు వెల్లడించే హక్కు నాకుంది.

ముందు "మనవాడు" ఎవరో తేల్చాలి. బంధువు కాబోలు అని కొత్తవాళ్లు అనుకుంటారు. కాదు. చెప్పేవాడి ఇంట్లో ఒకసారి కుళాయి వాషరు మార్చినవాడు మనవాడు. వాళ్లావిడ అన్నయ్యగారి అపార్ట్‌మెంట్లో వాచ్‌మన్‌కు బావమరిది అయినవాడు మనవాడు. చెప్పేవాడికి పదివేలు బాకీ ఉండి, మన ఇంట్లో పనిచేసి ఆ బాకీ తీర్చాల్సినవాడు మరీ మనవాడు. పని తెలిసినవాడా అన్న ప్రశ్న ఈ నిర్వచనంలో ఎక్కడా రాదు. అడిగితే సంస్కారం అనిపించుకోదు.

ఇక "నా పేరు చెప్పండి". పేరు చెబితే ఏం జరుగుతుందో స్వయంగా పరీక్షించాను. మూడేళ్ల కింద మా బాత్రూం టైల్స్ మార్చాల్సి వచ్చింది. బెజవాడలో ఏ వీధిలో చూసినా టైల్స్ మేస్త్రీలే కదా, నలుగురిని కనుక్కుందామనుకున్నాను. మా పెద్ద తోడల్లుడు గారికి తెలిసిపోయింది.

"తమ్ముడూ, నువ్వు ఎక్కడా వెతకమాకు. మనవాడున్నాడు. రసమట్టం కూడా పెట్టడు, కంటిచూపుతో వేసేస్తాడు."

ఇది మెచ్చుకోలు అనుకున్నాను.

మేస్త్రి వచ్చాడు. పేరు చెప్పాను. "ఆయనెవరండీ?" అన్నాడు. బ్యాంకు ఉద్యోగం, బట్టతల, పాత మారుతి కారు, ఇలా ఒక్కో ఆనవాలూ చెప్పుకుంటూ వచ్చాను. అప్పుడు మొహం వెలిగింది. "ఓ, ఆ సారా! సగానికి సగం బేరమాడి, పనయ్యాక అందులోనూ రెండొందలు కోశారు, ఆయనేనా?" అన్నాడు. ఆ పాత లెక్క నా బాత్రూంలోనే సర్దుకున్నాడని నా అనుమానం. నిరూపించలేను.

పదకొండు రోజుల తర్వాత పని పూర్తయిందన్నాడు. నేల మీద చెంబెడు నీళ్లు పోశాను. నీళ్లు కాసేపు అక్కడే నిలబడి ఆలోచించాయి. తర్వాత నెమ్మదిగా, ఒక నిశ్చయానికి వచ్చినట్టు, గుమ్మం వైపు నడిచాయి. నీళ్లు పోవాల్సిన జాలీ ఎదురు మూలలో పొడిగా కూర్చుని చూస్తోంది. జాలీ దగ్గరికి వెళ్లేటప్పుడు ఎవరి పేరు చెప్పాలో నీళ్లకు ఎవరూ చెప్పి పంపలేదు కాబోలు. అడుగుకు పావు అంగుళం వాలిస్తే నీళ్లు వాటంతట అవే పోతాయి. ఆ పావంగుళం మేస్త్రి కంటిచూపుకు ఆనలేదు. అడిగితే, "కొత్త కదండీ, నాలుగు రోజులు వాడితే సర్దుకుంటుంది" అన్నాడు. చెప్పులు వాడితే సర్దుకోవడం చూశాను. నేల సర్దుకోవడం ఇంకా చూస్తున్నాను.

రూపాయి బిళ్లతో టైల్స్ మీద తట్టి చూస్తే, కింద సిమెంటు నిండుగా ఉన్నచోట గట్టిగా పలుకుతుంది, లేనిచోట డొల్లగా మోగుతుంది. మాది అచ్చంగా మృదంగం. ఇంకొకటుంది. టైల్స్ వేయకముందే వాటర్‌ప్రూఫింగ్ చేసి, జాలీ మూసి, ఒకరోజంతా నీళ్లు నిలబెట్టి, కింది ఇంటివాళ్ల కప్పు చూసి రావాలి. మా ఇంట్లో ఆ పరీక్ష టైల్స్ వేశాక జరిగింది. కింది ఫ్లాటు వాళ్లే పైకి వచ్చి ఫలితం చెప్పారు.

పనివాడు పందిరి వేస్తే కుక్కతోక తగిలి కూలిందట. ఆ సామెతలో ఒక లోటుంది. ఆ పనివాణ్ణి ఎవరు చెబితే పిలిచారో అందులో లేదు. సామెత కట్టినవాడు కూడా తోడల్లుడితో మాట రాకూడదనే ఆ ముక్క వదిలేసి ఉంటాడు.

ఎందుకంటే ఇక్కడే అసలు శాస్త్రం ఉంది. సంక్రాంతికి మా తోడల్లుడు అన్నయ్యగారు వచ్చారు. బాత్రూంలోకి వెళ్లి పంచె అంచు తడుపుకుని బయటికొచ్చారు. "ఎలా ఉంది మనవాడి పని?" అని అడిగారు. మా ఆవిడ నా వైపు చూసింది. వాళ్లక్క మా ఆవిడ వైపు చూసింది. "బ్రహ్మాండం అన్నయ్యా" అన్నాను. "చూశావా! నా పేరు చెప్పబట్టే అంత శ్రద్ధగా చేశాడు" అన్నారాయన, తడి పాదం గుమ్మం ముందు కాళ్ల పట్టాకు తుడుచుకుంటూ.

అప్పటి నుంచి అందరికీ మా ఇల్లే చూపిస్తున్నారు. "మా తమ్ముడింట్లో కూడా వాడే చేశాడు, అనుమానముంటే వెళ్లి చూసుకోండి." ఇప్పటికి రెండు కుటుంబాలు వచ్చి చూసి వెళ్లాయి. నేనే దగ్గరుండి చూపించాను. నీళ్లు మాత్రం పోయనివ్వలేదు.

చట్టం లేదా అని మీరడగొచ్చు. లేకేం. 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం ఉంది. వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేసి గోడు చెప్పుకోవచ్చు. రెండేళ్లలోపు జిల్లా కమిషన్ మెట్లెక్కొచ్చు. డబ్బు తీసుకుని చేసిన పనిలో లోపముంటే అడిగే హక్కు ఉంది. అన్నీ ఉన్నాయి, నా దగ్గర కాగితం ముక్క ఒక్కటే లేదు. మనవాడి దగ్గర బిల్లు అడిగితే ఇంక మనవాడెలా అవుతాడు? పైగా కమిషన్ ముందు "ఈయన్ని ఎవరు చెబితే పిలిచారు?" అంటే వేలు ఎటు చూపించాలి? రెండేళ్ల గడువు మొహమాటంలోనే దాటిపోయింది. మొహమాటానికి మాత్రం గడువు లేదు.

అసలు ఒకరు చెబితే తప్ప పనివాణ్ణి పిలవలేని పరిస్థితి ఎందుకొచ్చింది? మాకు ఇరవై కిలోమీటర్ల లోపే కొండపల్లి. బొమ్మల కాలనీకి వెళ్లి దశావతారాలో, ఏనుగు అంబారీయో కొనడానికి ఎవరి పేరూ చెప్పక్కర్లేదు. తెల్ల పొణికి చెక్క తేలిగ్గా చేతిలో ఉంటుంది, రంగు కళ్ల ముందుంటుంది, ముక్కు వంకరగా ఉంటే పక్క బొమ్మ తీసుకుంటాం. బొమ్మ అయిపోయిన పని. ప్లంబరూ టైల్స్ మేస్త్రీ మనకు అమ్మేది ఇంకా జరగని పని. జరిగాక అది గోడలోకి, నేల కిందికి వెళ్లిపోతుంది. పైపు అతుకు సరిగా ఉందో లేదో చూడాలంటే గోడ పగలగొట్టాలి. కంటికి కనపడని సరుకు కొనేటప్పుడు మనిషి దేవుణ్ణో తోడల్లుణ్ణో నమ్ముతాడు. దేవుడు "నా పేరు చెప్పండి" అనడు, అదొక్కటే తేడా.

స్వచ్ఛత కంటికి కనపడని బంగారం విషయంలో మాత్రం ఎవరి పేరూ చెప్పుకోనక్కర్లేని ఏర్పాటు జరిగింది. 2021 జూన్ నుంచి దశలవారీగా హాల్‌మార్కు తప్పనిసరి చేశారు. 2023 ఏప్రిల్ 1 నుంచి నగకొకటి చొప్పున వేసే ఆరక్షరాల హెచ్‌యూఐడీ కోడ్ లేకుండా హాల్‌మార్కు నగ అమ్మకూడదన్నారు. నాణ్యతా ప్రమాణాలు చూసే ప్రభుత్వ సంస్థ బీఐఎస్ పెట్టిన బీఐఎస్ కేర్ అనే యాప్‌లో ఆ కోడ్ కొడితే నగ ఏమిటో, స్వచ్ఛత ఎంతో, ఎక్కడ పరీక్ష చేశారో వచ్చేస్తుంది. వెయ్యికి 916 పాళ్లు బంగారం ఉంటే 22 క్యారెట్లు. చిన్నమ్మాయి గాజులు కొనేటప్పుడు, మా అత్తగారి వైపు వాళ్లు మూడు తరాలుగా వెళ్లే కొట్లోనే, నేను ఫోన్ తీసి కోడ్ కొట్టాను.

కొట్లో గాలి ఆగిపోయింది. మా అత్తగారు కళ్లు మూసుకున్నారు. మా ఆవిడ నా మోచేతి మీద ఎక్కడ గిల్లిందో ఇంకా చూపించగలను. కోడ్ సరిపోయింది, గాజులు అసలైనవే. అయినా మూడు తరాల నమ్మకాన్ని ఆరక్షరాలతో అవమానించినందుకు దారి పొడుగునా నన్ను విచారించారు. ఏమీ అనుకోని మనిషి ఒక్క కొట్టాయనే. "అందరూ ఇలా చూసుకుంటే మాకే మంచిదండి" అన్నాడు. ఆ మాట వినడానికి అప్పటికి మా వాళ్లు కొట్లో లేరు. తరుగు, మజూరీ ఎంతేశాడో అడగడం అందరూ మర్చిపోయారు, నాతో సహా.

ఇప్పుడొక రహస్యం చెప్పాలి. నాకు నిజంగా మంచి పనివాడొకడు తెలుసు.

వడ్రంగి. అరవై దాటిన మనిషి, సైకిల్ మీద వస్తాడు. ఒక వానాకాలం మా వీధి తలుపు పట్టేసింది. మార్చేద్దామని కొత్త తలుపు లెక్క వేయమన్నాను. ఆయన తలుపు నాలుగుసార్లు తీసి వేశాడు. కుర్చీ ఎక్కి పై అంచు మీద వేలు పెట్టి రాశాడు. "ఇక్కడ రంగు వేయలేదు సార్. పైనా కిందా అంచులు ఎవరికీ కనపడవని వదిలేస్తారు. నెమ్ము అక్కణ్ణుంచే తాగుతుంది" అన్నాడు. చిత్రిక పట్టి సరిచేయమంటే వద్దన్నాడు. ఇప్పుడు పడితే వేసవిలో చెక్క ఆరాక వేలు దూరేంత సందు వస్తుందట. పై మడతబందు స్క్రూలు ఊగుతున్నాయని చూపించి, ఆ బొక్కల్లో పుల్లలకు జిగురు రాసి దిగ్గొట్టి, పొడుగు స్క్రూలు బిగించాడు. తలుపు సగానికి పైగా అప్పుడే లొంగింది. వానలు వెలిశాక వచ్చి అంచులకు రంగు వేసి వెళ్లాడు, నేను పిలవకుండానే. మొత్తానికి మూడొందలు అడిగాడు. ఐదొందలిస్తే రెండొందలు తిరిగిచ్చాడు.

ఆయన నంబరు నా ఫోన్‌లో "గ్యాస్ బుకింగ్ పాతది" అనే పేరుతో ఉంది.

ఇది స్వార్థం కాదు, సంరక్షణ. ఆయన సంగతి నలుగురికీ చెప్పాననుకోండి, రేపు ఎవడో బిల్డరు నలభై తలుపులకు ఒప్పందం చేసుకుని తాడేపల్లి వైపు పట్టుకుపోతాడు. నా మడతబందు మళ్లీ ఊగితే ఎవరొస్తారు? ఎదురింటివాళ్లు తలుపు చూసి "ఎవరు చేశారండీ?" అంటే, "ఎవరో దారిన పోయేవాడు" అన్నాను. పోయిన ఆషాఢంలో ఆయనే ఫోన్ చేశాడు. "పనుల్లేవు సార్, మీకు తెలిసినవాళ్లకు కాస్త చెప్పండి." అయ్యో తప్పకుండా అన్నాను. ఎంత బాధపడ్డానంటే, ఆ బాధలో ఎవరికీ చెప్పలేకపోయాను. టైల్స్ మేస్త్రి మాత్రం మొన్న కొత్త బుల్లెట్ మీద కనిపించాడు. నన్ను చూసి చెయ్యి కూడా ఊపాడు.

కాబట్టి ప్రభుత్వానికి నాదొక మనవి. చిట్టీ పాడుకున్నవాడు డబ్బు చేతికి రావాలంటే ష్యూరిటీ సంతకాలు పెట్టించాలి. వాడు కట్టకపోతే సంతకం పెట్టినవాడి జీతంలో కోస్తారు. మనుషుల అసలు నమ్మకాలు అక్కడ బయటపడతాయి. నేను చిట్టీ పాడినప్పుడు ఇదే అన్నయ్యగారిని అడిగితే, "మా బ్యాంకులో ఒప్పుకోరు తమ్ముడూ" అన్నారు. సిఫారసుకు కూడా ష్యూరిటీ పద్ధతి పెట్టాలి. సొమ్ము అక్కర్లేదు. మనవాడు వేసిన బాత్రూంలో, చెప్పినాయన ఏడాదికి ఒక నెల స్నానం చేయాలి. వంటవాణ్ణి చెప్పినాయన ఆఖరి పంక్తిలో కూర్చోవాలి. దర్జీని చెప్పినాయన ఆ జాకెట్టు సంగతి వాళ్లావిడకు స్వయంగా వివరించాలి. ఈ నిబంధన వచ్చిన మర్నాడే రాష్ట్రంలో మనవాళ్లందరూ అనాథలైపోతారని నా అంచనా.

నిబంధన వచ్చేదాకా ఒక చిన్న ఆనవాలు చెబుతాను, ఉంచుకోండి. పని తెలిసినవాడు రేపే వస్తానని అనడు. కిందటేడు పనిచేసిన ఇంటికి తీసుకెళ్లి చూపించమంటే తడుముకోడు. ఆ ఇంట్లో మీరు చెంబెడు నీళ్లు పోస్తానంటే ఇంటాయన అడ్డం పడడు.

నిన్న సాయంత్రం వడ్రంగాయన ఇటే వెళ్తూ ఆగాడు. తలుపు ఒకసారి తీసి వేసి చూసుకున్నాడు. పాత పెంకుటిల్లు తీసేసి రెండు గదులు వేసుకున్నాడట, బాత్రూంలో టైల్స్ వేయించాలట. "ఈ పని నాకు తెలియదు సార్. నాలుగు చోట్ల తిరిగినవారు, మీకెవరైనా మంచి మేస్త్రి తెలుసా?"

తెలియదు అనే మాట మన వైపు మగాడి నోటంట వచ్చేది కాదు. బుర్ర ఇంకా ఆలోచిస్తూనే ఉంది, నోరు తన పని తాను చేసుకుపోయింది.

"ఉన్నాడు. మనవాడే. నా పేరు చెప్పండి."

ఆయన చెవి మీది పెన్సిలు తీసి, సంచిలోంచి చెక్కముక్క ఒకటి వెతికి, నేను చెబుతున్న నంబరు దాని మీద ఒక్కో అంకే దిద్దినట్టు రాసుకున్నాడు.