ఇఫ్‌కాన్ఫిగ్ దగ్గరే ఆగిపోతే ఎట్లా

కంప్యూటర్ వివరాలు చూసే కమాండ్ల మీద మీరు రాసిన వ్యాసం బాగుంది గానీ, లినక్సులో నెట్‌వర్క్ వివరాలకు ఇంకా ఇఫ్‌కాన్ఫిగ్, నెట్‌స్టాట్ అనే పాత కమాండ్లే చెప్తే ఎట్లా సార్, కొత్త ఉబుంటు (లినక్సులో ఒక రకం) వేసుకున్న పిల్లోడు అది కొడితే చాలాసార్లు కమాండ్ నాట్ ఫౌండ్ అనే వస్తుంది, ఆ కమాండ్లుండే ప్యాకేజీ ఇప్పుడు విడిగా వేసుకోవాల. వాటి బదులు ‘ఐపీ అడ్రస్’, ‘ఐపీ రూట్’ చాలు. ఏ పోర్టు (ప్రోగ్రాములు నెట్‌తో మాట్లాడే ద్వారం) తెరుచుకొని ఉందో చూడాలంటే ‘ఎస్ఎస్’.

నాది కడప ఏడురోడ్ల దగ్గర కంప్యూటర్ రిపేరు షాపు. నెట్ రావట్లేదని ఇంటికి పిలిస్తే ముందు విండోస్‌లో ‘ఐపీకాన్ఫిగ్ స్లాష్ ఆల్’ కొడతా. ఐపీ (నెట్‌వర్క్‌లో కంప్యూటర్ అడ్రస్) 169.254తో మొదలైతే రూటర్ నుంచి అడ్రస్ అందలేదు, విండోస్ తనంతట తనే ఒకటి పెట్టుకుంది అని లెక్క, అప్పుడు కేబులో వైఫైయో, అడ్రస్‌లు పంచే డీహెచ్‌సీపీయో చూసుకోవాల. అంతా సరిగ్గానే ఉండి సైట్లు మాత్రం తెరుచుకోకపోతే గూగుల్ సర్వర్ 8.8.8.8కు పింగ్ కొట్టండి, దానికి జవాబొస్తే అనుమానం డీఎన్‌ఎస్ (సైటు పేరును ఐపీగా మార్చేది) మీదికి పోతుంది. ఇంతదానికి చానామంది కొత్త రూటర్ కొనేస్తారు!

మీరు రాసిన విండోస్ కమాండ్ ‘సిస్టమ్‌ఇన్ఫో’లో ఇంకో తిరకాసుంది. సిస్టమ్ బూట్ టైమ్ (కంప్యూటర్ మొదలైన సమయం) దగ్గర వారం కిందటి తేదీ కనిపిస్తే, ‘రోజూ రాత్రి షట్‌డౌన్ చేస్తాండా కదన్నా’ అని కస్టమర్లు నాతో వాదనకు దిగుతారు. వాళ్లు చెప్పేదీ నిజమే, త్వరగా ఆన్ అయ్యేందుకు విండోస్‌లో ఉండే ఫాస్ట్ స్టార్టప్ ఆన్‌లో ఉంటే షట్‌డౌన్ చేసినా కెర్నల్ (విండోస్ లోపలి గుండెకాయ) కొత్తగా మొదలవదు, రీస్టార్ట్ కొడితేనే ఆ తేదీ మారేది. ఈ ముక్క వ్యాసంలో కలపండి సార్.