తేట బీరు సరే, అందులో ఏం వేశారో చెప్పండి

అమెరికాలో ఇంట్లో బీరు చేసుకునే మన తెలుగువాళ్లకు ఒక మాట. బీరు తేటపడటానికి జెలటిన్ గానీ ఐసింగ్లాస్ గానీ వేశారా? గ్లాసు చేతికిచ్చే ముందే ఆ సంగతి చెప్పండి. అడిగితే చెబుదాంలే అనుకోకండి. బీరంటే బార్లీ, హాప్స్ (చేదునిచ్చే పూలు), ఈస్ట్, నీళ్లే అనుకునే మనిషికి అడగాలని ఎలా తోస్తుంది?

జెలటిన్ పశువుల, పందుల చర్మాల నుంచి, ఎముకల నుంచి తీసేది. ఐసింగ్లాస్ చేప కడుపులోని గాలితిత్తిని ఎండబెట్టి చేసేది. మొన్న దీపావళికి ఒక ఇంట్లో నా స్నేహితుడు, పుట్టాక గుడ్డు కూడా ముట్టనివాడు, రెండు గ్లాసులు తాగాక ఈ సంగతి బయటపడింది. "అదంతా మడ్డితో పాటు అడుక్కి దిగిపోతుంది కదండీ" అన్నారు ఆ ఇంటాయన. చాలావరకు దిగిపోతుంది, నిజమే. కానీ తాగాలా వద్దా అన్నది తేల్చుకోవాల్సింది తాగేవాడు కదా! నాకు ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

జెలటిన్ పనిచేయదని నేననను. ఈస్ట్ కణాల మీద నెగటివ్ చార్జి ఉంటుంది, జెలటిన్ మీద పాజిటివ్. రెండూ అంటుకుని, బరువెక్కి, కిందికి దిగుతాయి. 5 గ్యాలన్ల చల్లటి బీరుకి అర టీ స్పూను చాలు, రెండు రోజుల్లో అద్దంలా అవుతుంది. ఆ రెండు రోజుల తొందరే నాకు అర్థం కాదు. మా నాయనమ్మ చెరువు నీళ్ల కుండలో చిల్లగింజ అరగదీసి, తెల్లారేదాకా కుండ కదపనిచ్చేది కాదు.

నేను వాడేది ఐరిష్ మాస్, సముద్రపు నాచు. బార్లీ రసం కాచడం ఇంకో 15 నిమిషాల్లో ముగుస్తుందనగా వేస్తే ప్రొటీన్లు ముద్దకట్టి అడుక్కి దిగుతాయి. బీరు పులిశాక ఫ్రిజ్‌లో 1, 2 డిగ్రీల సెల్సియస్ దగ్గర మూడు వారాలు వదిలేస్తాను. అంత ఓపిక లేనివాళ్లకు సిలికాతో చేసిన ఫైనింగ్స్, అంటే బీరును తేటపరిచే సరుకులు, దొరుకుతాయి. గోధుమ బీరుకైతే అసలు తేటే అక్కర్లేదు. గిన్నిస్ అంతటి కంపెనీ కూడా ఐసింగ్లాస్ మానేస్తామని 2015లో ప్రకటించింది. ఇంట్లో 5 గ్యాలన్లు చేసుకునే మనకేం అడ్డం?

ఆ స్నేహితుడు దీపావళి తర్వాత ఎవరింట్లోనూ బీరు ముట్టలేదు. అతని కోసం కాచిన పేల్ ఏల్ రకం బీరు పదకొండు రోజులుగా ఫ్రిజ్‌లో ఉంది. పైనుంచి జానెడు మేర తేరింది.