రేటు చెప్పే హక్కు ఉండీ వదులుకుంటే ఎలా?

భీమవరం, ఆకివీడు వైపు వనామీ రొయ్యలు సాగు చేసే రైతు తన సరుకుకు తాను రేటు చెప్పుకోలేడు. 100 కౌంట్ (కిలోకు వంద రొయ్యలు తూగేది) ఇంత, 50 కౌంట్ ఇంత అని కొనేవాళ్లే చెబుతారు. పట్టుబడికొచ్చిన చెరువును ఎన్నాళ్లో ఆపలేక రైతు సరేనంటాడు. అదే రైతు కొడుకు ఫోన్‌లో షేర్లు కొనేటప్పుడు మాత్రం తన ధర తానే చెప్పొచ్చు. పది షేర్లు కొనేవాడికైనా, లక్షల షేర్లు కొనే మ్యూచువల్ ఫండ్‌కైనా ఎక్స్ఛేంజిలో వరస ఒకటే. మెరుగైన ధర చెప్పినవారిది ముందు. ఒకే ధర చెప్పినవారిలో ముందొచ్చినవారిది ముందు. ఇంత విలువైన హక్కును మనవాళ్లు, ఉన్న ధర ఎంతైనా సరే అనే మార్కెట్ ఆర్డర్ నొక్కి వదిలేసుకుంటున్నారు. నా బాధంతా అదే.

తెర మీద కనిపించే 100 రూపాయలు ఆఖరున జరిగిన బేరం ధర, అంతే. లావాదేవీలు పలచగా ఉండే ఓ చిన్న కంపెనీనే తీసుకుందాం. 100కి అమ్మేవి 20 షేర్లు, 101కి 50, ఆపైన 104కి 200 ఉన్నాయి. మీరు 200 షేర్లకు మార్కెట్ ఆర్డర్ పెడితే మొదటి రెండు వరసలూ ఊడ్చేసి, మిగతా 130 షేర్లూ 104కి కొంటారు. సగటు 102.85. అప్పటికి కొనేవాళ్లు 98 దగ్గరే ఉంటే, కొన్న క్షణంలోనే షేరుకు దాదాపు ఐదు రూపాయలు పోయినట్టు. కొన్నా అమ్మినా 0.1 శాతం లావాదేవీ పన్ను ఎలాగూ ఉంది. ఇంతకు మించి ఇవ్వనని ధర చెప్పేది లిమిట్ ఆర్డర్. 100కి అలా పెడితే అన్నీ దొరక్కపోవచ్చు. దొరక్కపోతే రేపు చూసుకోవచ్చు, కొంపేమీ మునగదు.

తణుకు ఆంధ్రా షుగర్స్, కాకినాడ ఎపెక్స్ ఫ్రోజెన్ ఫుడ్స్ మన కళ్లముందున్న కంపెనీలే కదా అని కొనేవారున్నారు. అయితే మీ డబ్బు కంపెనీకి వెళ్లదు, షేర్లు అమ్మినవారికి వెళుతుంది. 2023 జనవరి 27 నుంచి మర్నాటి పనిదినానికే డబ్బు వారికీ, షేర్లు మీకూ చేరిపోతున్నాయి.

ధర చెప్పే హక్కుకూ ఓ హద్దుంది: అవతల కొనేవాళ్లుండాలి. షేరు లోయర్ సర్క్యూట్ (ఆ రోజుకు అంతకంటే పడకూడదని పెట్టిన ధర హద్దు) తాకితే అమ్మకం ఆర్డర్లు బారులు తీరతాయి, కొనేవాళ్లే కనిపించరు. 2025 ఏప్రిల్‌లో అమెరికా సుంకాలు ప్రకటించగానే రొయ్యల కంపెనీల షేర్లూ, చెరువు దగ్గర రేట్లూ కలిసే పడ్డాయి. చెరువుల మీద బతికే ఇంట్లో పొదుపు డబ్బు కూడా రొయ్యల షేర్లలోనే ఉంటే దెబ్బ రెండువైపులా తగులుతుంది. అలాంటి కుటుంబాలు నన్నడిగితే, ఆ షేర్లు ఎంత ధరకు దొరికినా వద్దనే చెబుతాను.