యాభై రెండో తలకాయ

ఎన్నికల సభకు ఎవరూ పిలవకుండా, సొంత బండి మీద, సొంత పెట్రోలు పోసుకొని వచ్చే మనిషి కూడా ఉంటాడన్న సంగతి మన రాజకీయ ఏర్పాట్లలో ఎక్కడా లేదని నాకు 2024 మే నెల మొదటి వారంలో, విశాఖపట్నం మద్దిలపాలెంలో తెలిసింది. పోలింగు 13వ తేదీన జరగాలి, అంతకు 48 గంటల ముందే ప్రచారం ఆగిపోవాలి, అందువల్ల ఊళ్ళోని మైకులన్నీ ఒకదానితో ఒకటి పోటీ పడి అరుస్తున్న రోజులవి. మా నాయకుణ్ణి టీవీలో చూసి సరిపెట్టుకోవడం అభిమానం అనిపించుకోదని నిశ్చయించుకున్నాను. "కుళాయి రావడం లేదని వార్డు సచివాలయంలో చెప్పి రమ్మంటే ఎండగా ఉందన్నారు, ఇప్పుడు చల్లబడిందా?" అని మా ఆవిడ అడిగిన ప్రశ్న వినపడనట్టు నటించి, తెల్ల చొక్కా మీద పార్టీ కండువా వేసుకొని అక్కయ్యపాలెం నుంచి స్కూటరు మీద బయలుదేరాను. సత్యం జంక్షన్ దగ్గర పోలీసులు ఆపేయడంతో బండిని ఒక టీ కొట్టు పక్కన పెట్టి నడక సాగించాను.

సభ నాలుగు గంటలకన్నారు. నాలుగు గంటలకు వచ్చినవాణ్ణి నేనొక్కణ్ణే కావడంతో, కుర్చీలు వేస్తున్న కుర్రాళ్ళు నన్ను కాంట్రాక్టరు మనిషిననుకొని ఇంకా ఎన్ని వరుసలు వేయాలని అడిగారు. సముద్రం పక్కనున్న ఊళ్ళో గాలికేం లోటని బయటివారు అనుకుంటారు గానీ, మే నెల విశాఖ ఉక్కపోతలో చెమట పట్టడమే తప్ప ఆరడం ఉండదు. ఐదింటికి కండువా రంగు కాలరుకు అంటింది, ఆరింటికి బనీను దాకా దిగింది. అది ఏ పార్టీ రంగో ఇక్కడ చెప్పను. ఆ చొక్కా ఉతికిన మనిషికి తెలుసు.

ఇంతలో ఒకాయన వీడియో కెమెరాతో మా వరుసకు వచ్చాడు. టీవీవారనుకొని నేను లేచి నిలబడి, కండువాను గిరగిరా తిప్పి, జిందాబాదులు కొట్టాను. పక్కనున్న కానిస్టేబులు నన్ను జాలిగా చూసి, ఆయన ఎన్నికల నిఘా బృందం మనిషని, అసెంబ్లీ అభ్యర్థి 40 లక్షల రూపాయలకు మించి ఖర్చు చేయకూడదు గనుక కుర్చీకింత, కండువాకింత, నీళ్ళ ప్యాకెట్టుకింత అని లెక్క కట్టడానికి తీస్తున్నాడని వివరించాడు. మా నాయకుడి మీద అంత ప్రేమతో ఊపిన కండువా ఆయన పద్దులోనే పడుతుందని తెలిసి నాకు గుండె జారిపోయింది. వెంటపడి, ఇది పూర్ణా మార్కెట్టులో నా డబ్బుతో కొనుక్కున్నదని చెబితే, ఆయన కెమెరా దించకుండానే "రసీదుందా?" అన్నాడు.

పక్క కుర్చీలోని ముసలామె ఇదంతా విని, "ఎవులు తీసుకొచ్చినారు బావూ నిన్ను?" అని అడిగింది. ఎవరూ తీసుకురాలేదనీ, అభిమానం కొద్దీ వచ్చాననీ చెప్పాను. ఆమె నోరు నొక్కుకొని, "అయ్యో, డబ్బులివ్వనేదా!" అని తన పులిహోర పొట్లంలో సగం నా చేతిలో పెట్టింది.

నాయకుడు ఏడున్నరకు వచ్చారు. ముందున్న కటౌటు పక్కనుంచి ఆయన కుడి చెయ్యి నాకు బాగా కనిపించింది. రాత్రి పది దాటితే మైకు వాడకూడదు గనుక, పదికి ఐదు నిమిషాలుండగా ప్రసంగం ముగిసింది.

అసలు కథ బస్సుల దగ్గర మొదలైంది. జనం తోపులాటలో నేను ఒక బస్సు తలుపు దాకా కొట్టుకుపోయాను. అక్కడ నోటుపుస్తకం పట్టుకొని తలలు లెక్కపెడుతున్న మేస్త్రీ, తీసుకొచ్చినవాళ్ళు యాభై ఇద్దరైతే ఎక్కినవాళ్ళు యాభై ఒక్కరేనని తల బాదుకుంటున్నాడు. ఆ ఒక్కడు మురీ మిక్చరు తింటానని ఆర్కే బీచికి వెళ్ళి తిరిగి రాలేదట. మేస్త్రీ చూపు నా కండువా మీద పడింది. "నువ్వేనా? ఎక్కు, ఎక్కు, పైకి లెక్క చెప్పాలి" అన్నాడు. నేను మీ బ్యాచ్ కాదని చెప్పే లోపలే నలుగురు కుర్రాళ్ళు నన్ను బియ్యం బస్తాలాగా పైకి ఎత్తేశారు.

బస్సు కదిలింది. సత్యం జంక్షన్‌లో దీపస్తంభం కింద నా స్కూటరు కనిపించగానే "ఆపండి! ఆపండి!" అని పిడికిలి ఎత్తి అరిచాను. మూడు గంటలుగా ఎవరేమన్నా పలకడానికి అలవాటుపడ్డ ఆ యాభై ఒక్క మందీ "జై!" అన్నారు. ఎంత గట్టిగా అరిస్తే అంత గట్టిగా జై కొట్టారు. గురుద్వారా దాటింది, అక్కయ్యపాలెం వచ్చింది, మా వీధి మలుపు కనిపించింది. రోడ్డు ఖాళీగా దొరికిన డ్రైవరు మా ఇంటిని ఎనభై మైళ్ళ వేగంతో వెనక్కి నెట్టేశాడనిపించింది. ఆ రాత్రి బస్సు అనకాపల్లిలో ఆగింది. అనకాపల్లి 2022 ఏప్రిల్‌లో వేరే జిల్లా అయింది గనుక, కుళాయి కోసం వీధి దాటని నేను సభ కోసం జిల్లా దాటానని మా ఆవిడ ఇప్పటికీ అంటుంది.

దిగేటప్పుడు మేస్త్రీ ఒక మడతనోటు నా జేబులో కుక్కబోయాడు. వద్దని చెయ్యి అడ్డం పెట్టాను. "తక్కువైందా?" అని ఇంకో నోటు కలిపి కుక్కాడు. ఉద్యోగజీవితంలో నోరు తెరిచి అడిగినా పెరగని నా జీతం, ఇక్కడ వద్దన్నందుకు రెట్టింపైంది.

బస్టాండులో దోమలతో జాగారం చేసి, తెల్లవారాక ఆ డబ్బుతో టిక్కెట్టు కొని, మిగిలిన దానితో ఇంట్లో శాంతి కోసం రెండు కిలోల బెల్లం తీసుకొని సత్యం జంక్షన్‌లో దిగాను. స్కూటరు క్షేమంగానే ఉంది. అయితే రాత్రికి రాత్రి ఎదుటి పార్టీవారు ఎవరో దాని హెడ్‌లైటు మీద, నంబరు ప్లేటు మీద, సీటు మీద తమ గుర్తు ఉన్న స్టిక్కర్లు అంటించి పోయారు. గోటితో గీకుతూ ఉంటే, టీ కొట్టాయన రంగు కారిన నా మెడను, బండి మీది గుర్తును, చేతిలోని అనకాపల్లి బెల్లాన్ని కాసేపు మార్చి మార్చి చూశాడు.

"ఇంతకీ తమరిది ఏ బ్యాచ్ బాబూ?" అన్నాడు.