మునగడానికి మీట ఎందుకండీ?

ఇంట్లో జలాంతర్గామి తయారుచేసుకునేవాళ్లంటే లోకానికి ఎందుకో చిన్నచూపు. 1776లో న్యూయార్క్ రేవులో బ్రిటిష్ యుద్ధనౌకకు మందుగుండు తగిలించబోయి భంగపడిన ‘టర్టిల్’ మాత్రం ఏమిటి? డేవిడ్ బుష్నెల్ బిగించిన చెక్కపీపా. లోపల ఒక్కడే మనిషి. ముందుకు పోవడానికి ఒక పిడి, పైకీ కిందికీ ఇంకో పిడి, చుక్కాని, కాలితో నొక్కితే నీళ్లు లోపలికి రానిచ్చే కవాటం, ఆ నీళ్లను తోడడానికి పంపు, నౌక అడుగున తొలవడానికి మర. రెండు చేతుల మానవుడికి ఆరు పనులు! ఆ మహత్తర సంప్రదాయాన్ని ఇవాళ మా బావమరిది నిలబెడుతున్నాడు. నేను అతని సాంకేతిక సలహాదారుణ్ణి, అంటే టార్చిలైటు పట్టుకునేవాణ్ణి.

కుడి ఎడమల వ్యవహారం ఒక్క ఆదివారంలో తేలిపోయింది. సైకిల్ హ్యాండిల్, బ్రేకు తీగలు, తోకన చుక్కాని. తిప్పితే తిరిగింది. మావాడికి అది నచ్చలేదు. ఇంత సులువైతే ఇంజినీరింగ్ ఎలా అవుతుంది?

మునక మీట దగ్గర మాత్రం విద్వత్సభ జరిగింది. విమానంలోలాగా వెనక్కి లాగితే ముక్కు పైకి లేవాలని నేను. “లిఫ్టులో కిందికి పోవాలంటే కింది బటనే కదా బావా నొక్కుతారు?” అని వాడు. చివరికి రెండు వైపులా బాణం గుర్తులు అంటించి రాజీపడ్డాం. అమెరికా అంతర్యుద్ధంలో, 1863లో, తలుపులు తెరుచుకుని నీటిపైన పోతున్న ‘హన్లీ’ జలాంతర్గామిలో అధికారి పొరపాటున మునక రెక్కల (పడవను కిందికో పైకో వంచే పలకల) మీట తొక్కాడనీ, అయిదుగురు పోయారనీ ఒక కథనం ఉంది. అది చెప్పి, మీటను కాళ్ల దగ్గర పెట్టకురా నాయనా అన్నాను. వాడు వెంటనే ఒప్పుకుని మోచేతి దగ్గర పెట్టాడు.

ఇక రెక్కలు. నీళ్లు వాటి మీదుగా పారితేనే వాటికి బలం. వేగం సగమైతే ఆ బలం పావువంతే. ఆగితే సున్నా. మావాడి పడవ నడిచేది పెడల్ మీద, అదీ వాడి ఊపిరి నిలిచినంతసేపే. ఇంకో తమాషా ఉంది. ముక్కు పైకెత్తడానికి వెనక రెక్క తోకను కిందికి నొక్కుతుంది. వేగంగా పోతుంటే లేచిన ముక్కే పడవను పైకి మోస్తుంది. మరీ నెమ్మదిగా పోతుంటే అడుగున ఉన్న బరువు ముక్కును లేవనివ్వదు, తోక మీది నొక్కుడు ఒక్కటే మిగులుతుంది. అంటే మీరు ‘పైకి’ అంటే పడవ భక్తిగా కిందికి పోతుంది. ఈ సంగతి చెబితే మావాడు ఇంకో బాణం గుర్తు అంటించాడు.

రెక్కలతో కాకపోతే ట్యాంకులో నీళ్లతో అన్నాడు. సగం నిండిన ట్యాంకును ఎప్పుడైనా మోశారా? ముక్కు రవ్వంత వంగితే నీళ్లన్నీ ముందుకు పరిగెత్తి ఇంకా వంచుతాయి. అడ్డుపలకలు వేయించాం. తేలడానికీ మునగడానికీ సరిగ్గా నడుమ నిలబెట్టాలంటే లెక్క లీటర్లలో ఉంటుంది. ఒక్క లీటరు, అంటే కిలో, ఎక్కువైనా పడవ తొందరేమీ పడకుండా దిగుతూనే ఉంటుంది. దిగేకొద్దీ నీటి ఒత్తిడికి పడవ ఒళ్లే కాస్త నొక్కుకుంటుంది, తేలే శక్తి తగ్గుతుంది, ఇంకా దిగుతుంది. పది మీటర్లకు చదరపు మీటరు మీద అదనంగా పది టన్నులు. అందుకే నా అభిప్రాయం: కిందికి పోవడానికి మీట పెట్టడం శుద్ధ దండగ. ఆ పని నీళ్లు ఉచితంగా చేసిపెడతాయి. మీటలన్నీ పైకి రావడానికే పెట్టుకోవాలి.

ఈ మాటకు మావాడు నొచ్చుకోలేదు. అడుగున సీసపు దిమ్మ ఒకటి వేలాడదీశాడు. ఎంత కొంప మునిగినా లోపల ఒక్క బోల్టు విప్పితే అది జారిపోయి పడవ తేలాలి. చీకట్లో కూడా కనబడాలని ఆ బోల్టుకు ఎర్రరంగు రెండు పూతలు వేశాడు. మొన్న సరిచూద్దామని స్పానర్ పట్టి నేను తిప్పాను, వాడు తిప్పాడు, ఇద్దరం కలిసి తిప్పాం. రంగు మరల్లోకి దిగి బిగుసుకుపోయింది.

మావాడు టార్చి దగ్గరగా పట్టుకుని తృప్తిగా చూశాడు. “కనిపించడం మాత్రం బాగా కనిపిస్తోంది కదా బావా?”