డబ్ల్యూఆర్‌ఎఫ్ బిల్డ్ చేయడం కూడా పరిశోధనలో భాగమే

పీహెచ్‌డీలో చేరిన మొదటి ఏడాది నాకు అప్పగించిన పని తుఫాన్ల మీద కాదు, సర్వర్ మీద. అప్పటిదాకా దాన్ని చూసుకున్న సీనియర్ థీసిస్ ఇచ్చేసి ఉద్యోగానికి వెళ్లిపోయారు. ఆ తర్వాత ఎవరో ఆపరేటింగ్ సిస్టమ్ అప్‌గ్రేడ్ చేశారు. మర్నాటి నుంచి వాతావరణాన్ని లెక్కగట్టే డబ్ల్యూఆర్‌ఎఫ్ మోడల్ నడవలేదు. రన్ చేస్తే నెట్‌సీడీఎఫ్ ఫోర్ట్రాన్ లైబ్రరీ (డేటా ఫైళ్లను చదివే, రాసే రెడీమేడ్ కోడ్; ఫోర్ట్రాన్ ఒక ప్రోగ్రామింగ్ భాష) దొరకలేదని ఒక్క లైను చూపించి ఆగిపోయేది. ఆ సీనియర్ ఏ వెర్షన్ వాడారో, ఏ కంపైలర్‌తో బిల్డ్ చేశారో, అంటే సోర్స్ కోడ్‌ని మెషీన్ నడపగలిగే ప్రోగ్రామ్‌గా మార్చారో, ఎక్కడా రాసి లేదు. ఫోన్ చేస్తే పాపం ఆయనకూ గుర్తులేదు. మొదటి నుంచి మళ్లీ బిల్డ్ చేయడానికి నాకు మూడు వారాలు పట్టింది. ఆ మూడు వారాలూ 'పని ఇంకా మొదలవ్వలేదు' అనే లెక్కలోకే వెళ్లాయి. అసలు సమస్య ఆ లెక్కలోనే ఉందని నా అభిప్రాయం.

డబ్ల్యూఆర్‌ఎఫ్ అమెరికాలోని వాతావరణ పరిశోధన కేంద్రం ఎన్‌కార్, మరికొన్ని సంస్థలు కలిసి తయారుచేసిన వాతావరణ మోడల్. సోర్స్ కోడ్ ఉచితం. బంగాళాఖాతం తుఫాన్ల మీద మన దగ్గర పరిశోధన చేసేవాళ్లు ఎక్కువగా వాడే మోడళ్లలో ఇదొకటి. 2014 అక్టోబర్ 12న విశాఖను కుదిపేసిన హుద్‌హుద్ మీద కూడా దీనితో పరిశోధనలు జరిగాయి. అలాంటి పేపర్లలో గ్రిడ్‌లో ఒక్కో గడి ఎన్ని కిలోమీటర్లో, ఏ ఫిజిక్స్ స్కీములు (మేఘాలు, వాన లాంటివాటిని లెక్కగట్టే పద్ధతులు) వాడారో వివరంగా ఉంటుంది. కంపైలర్ ఏది, లైబ్రరీల వెర్షన్లు ఏవి, ఏ ఫ్లాగులు (కంపైలర్‌కు చెప్పే ఆప్షన్లు) ఇచ్చారు అన్నవి మాత్రం నేను చదివిన చాలా పేపర్లలో కనిపించలేదు.

అవి అంత ముఖ్యమా అంటే, ఒకసారి బిల్డ్ చేసి చూడాలి. ముందు డేటాను కుదించే జెడ్‌లిబ్, దాని మీద పెద్ద డేటా ఫైళ్ల కోసం హెచ్‌డీఎఫ్5, దాని మీద నెట్‌సీడీఎఫ్ సీ లైబ్రరీ, దాని మీద నెట్‌సీడీఎఫ్ ఫోర్ట్రాన్. అన్నీ అయ్యాకే డబ్ల్యూఆర్‌ఎఫ్. ఒక్కో లైబ్రరీకి దాదాపు ఇవే కమాండ్లు వరసగా: కన్ఫిగర్, మేక్, మేక్ ఇన్‌స్టాల్. సర్వర్ అడ్మిన్ (రూట్) పాస్‌వర్డ్ మన చేతిలో ఉండదు కాబట్టి ప్రతిసారీ ప్రిఫిక్స్ (ఎక్కడ పెట్టాలో చెప్పే ఆప్షన్) ఇచ్చి మన హోమ్ డైరెక్టరీలోనే పెట్టుకోవాలి. 4.2 వెర్షన్ నుంచి నెట్‌సీడీఎఫ్‌లో సీ, ఫోర్ట్రాన్ లైబ్రరీలు విడిపోయాయి. డబ్ల్యూఆర్‌ఎఫ్ మాత్రం మామూలుగా రెండూ ఒకే డైరెక్టరీలో ఉంటాయనుకుని వెతుకుతుంది. వేర్వేరు చోట్ల పెట్టినవాళ్లకు అక్కడే ఒక రోజు పోతుంది. ఒక కంపైలర్ తయారుచేసిన ఫోర్ట్రాన్ మాడ్యూల్ ఫైల్‌ని ఇంకో కంపైలర్ చదవలేదు. అంటే లైబ్రరీని ఉచిత కంపైలర్ జీఫోర్ట్రాన్‌తో, మోడల్‌ని ఇంటెల్ కంపైలర్‌తో బిల్డ్ చేస్తానంటే కుదరదు.

కాలంతో పాటు కంపైలర్లూ మారతాయి. ఒకే సబ్‌రొటీన్‌ని (ప్రోగ్రామ్‌లో పదేపదే వాడుకునే భాగం) ఒకచోట ఇంటీజర్ (పూర్ణాంకం)తో, మరోచోట రియల్ (దశాంశ సంఖ్య)తో పిలిస్తే పాత జీఫోర్ట్రాన్ చూసీచూడనట్టు వదిలేసేది. 2020లో జీఫోర్ట్రాన్ కొత్త వెర్షన్‌తో వచ్చిన జీసీసీ 10 దాన్ని ఎర్రర్‌గా మార్చింది. దాంతో అంతకుముందు ఏళ్ల తరబడి చక్కగా బిల్డ్ అయిన కోడ్ ఒక్కసారిగా మొరాయించింది. నెట్‌సీడీఎఫ్ ఫోర్ట్రాన్, చాలా ప్రాసెసర్లు కలిసి పనిచేయడానికి వాడే ఎంపీఐసీహెచ్ లాంటివి కూడా ఇక్కడే ఆగాయి. 'అలౌ ఆర్గ్యుమెంట్ మిస్‌మ్యాచ్' అనే ఒక్క ఫ్లాగ్ ఇస్తే సరిపోతుంది. కానీ ఆ సంగతి తెలియని విద్యార్థి తన కోడ్‌లోనే తప్పుందేమోనని రోజుల తరబడి టెన్షన్ పడతాడు.

డబ్ల్యూఆర్‌ఎఫ్ కంపైల్ అవడానికి మామూలు మెషీన్‌లో అరగంట పైనే పడుతుంది. మధ్యలో ఎర్రర్ వచ్చినా అక్కడే ఆగదు, మిగతా ఫైళ్లను కంపైల్ చేసుకుంటూ పోతుంది. చివరికి ఎగ్జిక్యూటబుల్స్ తయారవ్వలేదని చెబుతుంది. కొత్తవాళ్లంతా ఆ ఆఖరి లైన్లనే కాపీ చేసి గూగుల్‌లో వెతుకుతారు. అసలు కారణం వేల లైన్ల పైన, లాగ్‌లో మొట్టమొదటి ఎర్రర్ దగ్గర ఉంటుంది. లాగ్‌ని పైనుంచి చదవాలనే ఈ చిన్న విషయం నాకు ఏ క్లాసులోనూ ఎవరూ చెప్పలేదు.

ఇదంతా చిరాకు వరకే అయితే వ్యాసం రాయక్కర్లేదు. అంకెల సంగతి ఇంకా ఉంది. డబ్ల్యూఆర్‌ఎఫ్ మామూలుగా వాడే సింగిల్ ప్రెసిషన్‌లో దాదాపు ఏడు అంకెల వరకే ఖచ్చితత్వం ఉంటుంది. పది కోట్లకు 1 కలిపి, మళ్లీ పది కోట్లు తీసేస్తే సున్నా వస్తుంది. ముందు తీసేసి తర్వాత 1 కలిపితే 1 వస్తుంది. కొన్ని ఆప్టిమైజేషన్ ఫ్లాగులు ఇస్తే, వేగం కోసం కంపైలర్ ఇలాంటి లెక్కల వరసనే మార్చేస్తుంది. వాతావరణంలో ఆఖరి అంకె తేడా ఎంత దూరం పోతుందో 1961లోనే అమెరికా వాతావరణ శాస్త్రవేత్త ఎడ్వర్డ్ లోరెంజ్ చూశారు. 0.506127 బదులు 0.506 ఇచ్చి రన్‌ని మధ్యలోంచి మొదలుపెడితే, మోడల్‌లో రెండో నెల వచ్చేసరికి పాత ఫలితంతో పోలికే లేకుండా పోయింది. ఒక విద్యార్థి పాత బిల్డ్‌తో ఒక రన్, కొత్త బిల్డ్‌తో ఫిజిక్స్ స్కీమ్ మార్చి ఇంకో రన్ చేసి పోల్చాడనుకోండి. ఒక ఊరి మీద వాన లెక్కలో కనిపించే తేడాలో స్కీమ్ వాటా ఎంత, కంపైలర్ వాటా ఎంత? బిల్డ్ వివరాలు రాసుకోకపోతే జవాబు ఉండదు. బిల్డ్ సరిగ్గా పనిచేస్తుందో లేదో చూడడానికి లైబ్రరీలతో పాటు వచ్చే మేక్ చెక్ పరీక్షల్ని కూడా టైమ్ లేదని వదిలేస్తుంటారు. ల్యాబ్‌లో తూకం యంత్రాన్ని సరిచూడకుండా వాడితే ఏ గైడూ ఒప్పుకోరు, దీన్ని మాత్రం ఎందుకు ఒప్పుకుంటున్నారో నాకు అర్థం కాదు.

ఇప్పుడు ముందే బిల్డ్ చేసిన ప్యాకేజీలు ఇచ్చే కాండా ఉంది, ప్రోగ్రామ్‌ని దానికి కావాల్సినవాటితో కలిపి ఒకే మూటగా ఇచ్చే కంటైనర్లు ఉన్నాయి, ఇంకా సోర్స్ నుంచి ఎందుకు అని అడుగుతారు. లాప్‌టాప్‌లో నేర్చుకోవడానికి అవే మంచివి, నేనూ వాటినే సూచిస్తాను. ఐఐటీ హైదరాబాద్‌లోని పరమ్ సేవ లాంటి క్లస్టర్ (కలిసి పనిచేసే కంప్యూటర్ల సముదాయం) మీదకు వెళ్లాక మాత్రం, కంప్యూటర్ల మధ్య సందేశాలు పంపే ఎంపీఐ అక్కడి నోడ్లను (ఒక్కో కంప్యూటర్‌ను) కలిపే నెట్‌వర్క్‌కు తగ్గట్టు ఉండాలి, కోడ్ అక్కడి ప్రాసెసర్‌కు తగ్గట్టు ఉండాలి. వేరే రకం ప్రాసెసర్ కోసం బిల్డ్ చేసిన గ్రోమాక్స్‌ని (అణువుల కదలికలను లెక్కగట్టే ప్రోగ్రామ్) నడిపితే, వేగం తగ్గొచ్చని ఆ ప్రోగ్రామే తన లాగ్ ఫైల్లో హెచ్చరిస్తుంది. అందుకే అమెరికాలోని లారెన్స్ లివర్‌మోర్ ల్యాబ్ స్పాక్ అనే బిల్డ్ టూల్‌ని, బెల్జియంలోని గెంట్ యూనివర్సిటీ ఈజీబిల్డ్ అనే టూల్‌ని తయారుచేశాయి. ఇవి కూడా చాలావరకు సోర్స్ నుంచే బిల్డ్ చేస్తాయి, కాకపోతే ఏం చేశారో అంతా ఒక ఫైల్లో మిగులుతుంది.

నేను కోరేది కూడా ఆ ఫైలే. డబ్ల్యూఆర్‌ఎఫ్ లాంటి మోడళ్లు వాడే డిపార్ట్‌మెంట్లు మొదటి సెమిస్టర్‌లోనే రెండు వారాలు ఈ బిల్డ్ పనికి కేటాయించాలి. మన దగ్గర ఈ రంగానికి వచ్చేవాళ్లలో చాలామంది ఫిజిక్స్, మెటియరాలజీ చదివినవాళ్లు, టెర్మినల్‌ని అక్కడే మొదటిసారి చూస్తారు. థీసిస్‌కు బిల్డ్ స్క్రిప్ట్ జతచేయడం తప్పనిసరి చేయాలి. ల్యాబ్ కోసం బిల్డ్ చేసిపెట్టిన విద్యార్థి పేరు పేపర్ చివర కృతజ్ఞతల్లోనైనా ఉండాలి.

నేను ల్యాబ్ వదిలేటప్పుడు ఒక షెల్ స్క్రిప్ట్, దాని పక్కన వెర్షన్లన్నీ రాసిన టెక్స్ట్ ఫైల్ పెట్టి వచ్చాను. రెండేళ్ల తర్వాత కొత్త సర్వర్ వచ్చినప్పుడు ఒక జూనియర్ ఫోన్ చేసింది. మూడు వారాల పని రెండు రోజుల్లో అయిందని, ఒక్క హెచ్‌డీఎఫ్5 దగ్గర మాత్రం నా స్క్రిప్ట్ పనిచేయలేదని చెప్పింది. ఎందుకు పనిచేయలేదో, తను ఏం మార్చిందో ఆ టెక్స్ట్ ఫైల్లో తేదీ వేసి రాసి పెట్టానంది.