ఎలుక వేసి తీసింది వేట ఫొటో కాదు

చలికాలం వచ్చిందంటే చాలు, ఫీడ్ నిండా గ్రేట్ గ్రే గుడ్లగూబలే. రెక్కలు బార్లా చాచి, గోళ్ళు ముందుకు పెట్టి, సూటిగా లెన్స్ మీదికే వస్తుంటాయి. కింద "మిన్నెసోటా (అమెరికా), మైనస్ 28, పేషెన్స్!" అని క్యాప్షన్. పేషెన్సూ లేదు, పాడూ లేదు. జూమ్ చేసి చూడండి: తెల్ల ఎలుక, పొడుగు తోక. పెట్ షాపు సరుకు. మిన్నెసోటాలోని డులూత్ ఊరి అవతల, సాక్స్-జిమ్ బాగ్ అనే చిత్తడి నేలలో ఈ పక్షి తినేది వోల్, అంటే ఎలుకలాంటి చిన్న జీవి. బొద్దుగా, మట్టి రంగులో ఉంటుంది, తోక చిటికెన వేలంత కూడా ఉండదు.

రోడ్డు పక్కన ఎలుకలు విసిరితే కారు ఆగినచోటల్లా తిండి దొరుకుతుందని పక్షికి అలవాటవుతుంది. ఇదేమో బంపర్ ఎత్తులో రోడ్డు దాటే పక్షి. మిగతాది నేను చెప్పక్కర్లేదు.

అసలు ఈ వేటంతా చెవులతోనే. ఒక చెవి రంధ్రం పైకి, ఒకటి కిందికి ఉంటుంది. అడుగున్నర మంచు కింద వోల్ కదిలినా పట్టేస్తుంది. అలాంటిదాని పక్కన ఇంజిన్ ఆన్‌లో ఉంచి కూర్చుంటారేంటండీ? ఆపేయండి. హీటర్ వేడి గాలి కిటికీలోంచి బయటి చలిలోకి పోతూ సుడులు తిరుగుతుంది, ఫొటోలన్నీ మసకగా వస్తాయి. ఫోకస్ పోయిందని లెన్స్‌ని తిట్టుకుంటారు. ఈదురుగాలి రోజు అసలు వెళ్ళకండి, దానికే ఏమీ వినపడదు.

కొమ్మ మీద అటూ ఇటూ తిరిగే తల ఒక్కచోట కిందికి చూస్తూ ఆగిపోయి, ఒళ్ళు ముందుకు వాలిందా, వేలు బటన్ మీదుండాలి. ఎగిరాక వోల్‌కి సరిగ్గా పైన గాల్లో కాసేపు నిలబడుతుంది. ఏటవాలుగా వచ్చే శబ్దాన్ని మంచు వంచేస్తుంది, నిట్టనిలువుగా వింటే ఆ తేడా ఉండదు. మీ ఫోకస్ లాక్ అయ్యేదీ అక్కడే. తర్వాత దభాలున తల ముందుగా దూకి, చివరి క్షణంలో కాళ్ళు ముందుకు తెస్తుంది. చాలాసార్లు ఉత్త గోళ్ళతోనే లేస్తుంది, ముఖం నిండా మంచుతో. ఆ ఫ్రేములు డిలీట్ చేయకండి, దొంగ ఫొటోల్లో అవి దొరకవు.

ఫుల్ ఫ్రేమ్ కెమెరా మీద 600 ఎంఎం లెన్స్ పెట్టి 25 మీటర్లలో నిలబడితే ఫ్రేము వెడల్పు 1.5 మీటర్లు. రెక్కల వెడల్పూ దాదాపు అంతే, కొసలు తెగుతాయి. 40 మీటర్లు వెనక్కుండండి. షట్టర్ సెకనులో 1/2500 వంతు, ఎక్స్‌పోజర్ (ఫొటోలోకి వచ్చే వెలుగు) మాన్యువల్. ఆటోలో పెడితే పక్షి నల్లటి స్ప్రూస్ చెట్ల ముందున్నప్పుడు మరీ తెల్లగా వస్తుంది, మంచు మీదికి రాగానే నల్లబడుతుంది. మంచు మీద రీడింగ్ తీసుకుని, హిస్టోగ్రామ్ (కెమెరా తెర మీద వెలుగుల గ్రాఫ్) కుడి అంచుకి తగలకుండా ఒక స్టాప్, అంటే వెలుగు రెట్టింపు, పెంచి, అక్కడే వదిలేయండి. వెలుగు మారితేనే ముట్టుకోండి.

చలికి బ్యాటరీలు త్వరగా దిగిపోతాయి, స్పేర్‌వి లోపలి జేబులో ఉండాలి. తిరిగి గదిలోకి వెళ్ళే ముందు, బయటే, కెమెరాని జిప్ కవర్లో పెట్టి మూయండి, లేకపోతే గది వేడికి దాని మీద నీరు పడుతుంది. రెండు గంటలు తెరవకండి. కార్డు మాత్రం ముందే తీసుకోండి, లేకపోతే ఆగలేరు.